చిమ్మిలి మరక

మొన్న మాఘమాసంలో అక్కావాళ్ళింటికి వెళ్ళాను. ఆటో దిగి గుమ్మంలో చెప్పులు విప్పుతుంటేనే ముక్కుకి తగిలింది, నువ్వులూ బెల్లం కలిసి నలుగుతున్న వాసన. లోపల మిక్సీ గిర్రుమంటోంది. అరవై దాటి పెన్షన్ తీసుకుంటున్నదాన్ని, ఆ వాసనకి కడుపులో ఒక్కసారి మెలిపెట్టినట్టయింది.

"మన బుజ్జి ఈడేరిందే" అంది అక్క, చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ. బుజ్జి అక్క మనవరాలు. ఎనిమిదో తరగతి.

మా రోజుల్లో చిమ్మిలి రోట్లోనే దంచేవారు. నువ్వులు కాస్త నలిగాక బెల్లం వేస్తే రోకలి చప్పుడు మారిపోతుంది. అప్పటిదాకా టక్కుటక్కుమన్నది కాస్తా మెత్తగా, ముద్దగా, బురదలో అడుగేసినట్టు పడుతుంది. వేళకాని వేళ ఆ చప్పుడు వినిపిస్తే వీధిలో ఆడవాళ్ళు తలెత్తి చూసేవారు. ఎవరింట్లో, ఏ పిల్ల, ఎన్నో ఏడు అని లెక్కలు కట్టేసేవారు. తాటాకు చాప, కంచం, గ్లాసు, కప్పుకునే దుప్పటి అన్నీ విడిగా. కట్టిన బట్టలు చాకలామెకి పోయేవి. సాయంత్రం పేరంటాళ్ళొచ్చి హారతి పాటలు పాడేవారు. ఉండలు తింటే నడుం గట్టిపడుతుందని చెప్పి మూడుపూటలా పెట్టేవారు. ఆ తంతు మొత్తంలో నేను ఇప్పటికీ తప్పు పట్టనిది ఆ చిమ్మిలి ఒక్కటే.

ఇప్పుడు రోకలి చప్పుడు లేదు. దాని బదులు ఊరి సెంటర్లో ఫ్లెక్సీ కట్టారు. పట్టు ఓణీలో బుజ్జి ఫోటో, చుట్టూ ఎవరెవరివో నాయకుల తలకాయలు. ఆటోవాడు కూడా "ఈ పాప గారింటికేనాండి?" అన్నాడు. మమ్మల్ని నాలుగ్గోడల మధ్య మూల కూర్చోబెడితే వీధికే తెలిసేది. ఇప్పుడు మండలానికి తెలుస్తోంది.

*

మా నాయనమ్మ పెళ్ళి యానాంలో జరిగింది. ఆవిడకి అప్పుడు ఏడో ఏడు.

గౌతమికి ఇవతల మాది. అవతల యానాం. ఇప్పుడైతే ఎదుర్లంక వారధి మీద బండేసుకుని చటుక్కున వెళ్ళొచ్చేస్తాం. అప్పుడు పడవే. నాయనమ్మ ఆ కథని పెద్ద తమాషాలా చెప్పేది. "రాత్రి పడవెక్కించారే. లాంతరు పెట్టారు. నాకు గాలికి నిద్రొచ్చేసింది. పుస్తె కట్టేప్పుడు మా మేనమామ బుగ్గ గిల్లి లేపాడు. నేను మళ్ళీ పడుకున్నా!" అని పళ్ళులేని నోటితో పకపకా నవ్వేది. మేమూ నవ్వేవాళ్ళం. ఎన్నిసార్లు చెప్పించుకున్నామో లెక్కలేదు.

యానాం ఎందుకెళ్ళారో నాకు చాలా పెద్దయ్యాక గానీ తెలియలేదు. 1929లో శారదా చట్టం వచ్చింది. 1930 ఏప్రిల్ 1 నుంచి అమలు. ఆడపిల్లకి పద్నాలుగు, మగపిల్లాడికి పద్దెనిమిది నిండకుండా పెళ్ళి చేస్తే నెల జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా. ఆ చట్టం ఇంగ్లీషువాళ్ళ రాజ్యంలో. యానాం ఫ్రెంచివాళ్ళది. అందుకని చుట్టుపక్కల జిల్లాల వాళ్ళంతా పెళ్ళికూతుళ్ళని చంకనేసుకుని అక్కడికి పోయేవారు. ఆ ఊరికి కల్యాణపురం అనే పేరే పడిపోయింది. "దొరలు వద్దన్నారు, ఫరాసువాళ్ళు కానిమ్మన్నారు" అనేది నాయనమ్మ, అదేదో పక్కింట్లో పెరుగు దొరికినంత తేలిగ్గా.

తరవాత నేను టీచర్నయ్యాక వెళ్ళిన ప్రతి ట్రైనింగులోనూ ఒకటే మాట. బాల్యవివాహాలకి కారణం అజ్ఞానం, చట్టం తెలియకపోవడం. నాకు వెంటనే ఆ పడవ గుర్తొచ్చేది. పడవ మాట్లాడుకుని, పురోహితుణ్ణి ఎక్కించుకుని, చీకట్లో నది దాటి ఇంకో దేశం చట్టం కిందకి పోయి పెళ్ళి చేసొచ్చిన మా ముత్తాతకి చట్టం తెలియదా? మనందరికన్నా బాగా తెలుసు. ఆయనకి జైలంటే ఉన్న భయం కన్నా, ఇంట్లో పెళ్ళికాకుండా పిల్ల ఈడేరితే బంధువులెవరూ గడప తొక్కరన్న భయం ఎక్కువ. అంతే.

నాయనమ్మ చెప్పిన తమాషా కథ పుస్తె దగ్గర ఆగిపోయేది. కాపురానికి పంపింది ఎప్పుడు, మొదటి కాన్పు ఎప్పుడు అనడిగితే "పోవే, ఆ గొడవలెందుకు" అనేది.

*

అక్కని మా మేనత్త కొడుక్కిచ్చారు. మేనరికం.

పుట్టినప్పుడే అనుకున్న సంబంధం అది. ఎవరూ కొత్తగా నిర్ణయించిందేమీ లేదు. అక్క ఎనిమిది పూర్తిచేసింది. లెక్కల్లో మా స్కూల్లో మగపిల్లలు కూడా దాని నోటుబుక్కు చూసి రాసుకునేవారు. ఆ వేసవిలో మా అత్త వచ్చి, చాపమీద కూర్చుని మజ్జిగ తాగుతూ "ఈ ఏడు చెయ్యకపోతే మేం వేరే చూసుకోవాలి వదినా, ఇంకో పిల్లాణ్ణి కూడా నిలబెట్టుకుని ఎన్నాళ్ళుంటాం" అంది. కోపంగా ఏమీ అనలేదు, నవ్వుతూనే. అమ్మ లోపలికెళ్ళి పొయ్యి ముందు కూర్చుంది. పొయ్యిలో నిప్పు లేదు. ఉత్త బూడిద కెలుకుతూ చాలాసేపు కూర్చుంది.

అప్పటి చట్టం ప్రకారం పదిహేను నిండాలి. 1978లో దాన్ని పద్దెనిమిది చేశారు. అక్కకి పద్నాలుగు. ఊళ్ళో ఎవరైనా వయసు అడిగారా? పంతులు గారు అడగలేదు. భోజనానికొచ్చిన మా హెడ్మాస్టారూ అడగలేదు. "తెలివైన పిల్ల, ఎక్కడున్నా నెగ్గుకొస్తుంది" అని అక్షింతలేసి వెళ్ళారు.

రెండేళ్ళ తరవాత నేను మూల కూర్చున్నాను. అదే వారం అక్క పురిటికొచ్చి ఉంది. ఏడో నెలలోనే నొప్పులొచ్చాయి. బిడ్డ రెండు రోజులుంది. దాని మంచం ఒక గోడకి, నా చాప ఇంకో గోడకి. ఇద్దరమూ మైలే. అందుకని ఎవరూ మా గదిలోకి వచ్చేవారు కాదు. మాకు మాత్రం ఒకళ్ళనొకళ్ళు ముట్టుకునే స్వేచ్ఛ ఉండేది!

నాకు అర్ధ సంవత్సర పరీక్షలు. పుస్తకం ముట్టుకోకూడదన్నారు, సరస్వతీదేవి కదా. నేను ఏడుస్తుంటే అక్క మంచం దిగి, గోడ పట్టుకుని నడుచుకుంటూ వెళ్ళి, అలమరలోంచి నా సోషల్ పుస్తకం తీసుకొచ్చింది. "నాకింకేం పాపం తగులుతుందే, తగలాల్సింది తగిలింది" అంది. నా పక్కన చాపమీద కూర్చుని పాఠం చదివి వినిపించింది. చదువుతూ మధ్యలో ఆగి, తడిసిన జాకెట్టు మీదకి పమిట లాక్కునేది. పాలు. నాకు అప్పుడు అర్థం కాలేదు, చెమటనుకున్నాను. దాని చేతికి చిమ్మిలి నూనె అంటి ఉంది. పేజీ తిప్పినచోట బొటనవేలంత మరక పడింది.

ఆ పుస్తకం నా దగ్గరే ఉంది. ఆ పేజీ ఇప్పటికీ వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే అవతలి అక్షరాలు కనిపిస్తాయి.

*

నాన్న మాట తక్కువ మనిషి. ఆ బిడ్డని తీసుకెళ్ళి వచ్చాక నెల్లాళ్ళు ఎవరితోనూ మాట్లాడలేదు. మరుసటేడు అత్త తరపువాళ్ళే నాకూ ఒక సంబంధం తెచ్చారు. "చిన్నదాన్ని చదివిస్తున్నాను" అన్నాడు నాన్న. అంతే. వాళ్ళు కాఫీ తాగకుండా లేచారు.

అమ్మ వణికిపోయింది. అత్త రాకపోకలు ఆపేస్తుందని, ఊళ్ళో తలెత్తుకోలేమని, నాకు ఇక సంబంధాలు రావని. అత్త నిజంగానే రెండు పండగలకి రాలేదు. మూడో పండక్కి వచ్చింది, అరిసెలు పట్టుకుని. చెరువు గట్టు మీద ఆడవాళ్ళు నా గురించి ఒక నెల చెప్పుకున్నారు. తరవాత ఎవరి గేదో ఎవరి చేలోనో పడింది. ఇంక అందరూ దాని గురించి చెప్పుకున్నారు.

"ఏదో అయిపోతుందనుకున్నానే, ఏమీ కాలేదు" అంది అమ్మ చాలా ఏళ్ళ తరవాత, మినప్పప్పు కడుగుతూ. "ముందే తెలిస్తే పెద్దదానికీ..." అని ఆపేసింది. పొట్టు నీళ్ళలో తేలుతుంటే దాన్నే చూస్తూ ఉండిపోయింది.

*

నాకు పోస్టింగు మెట్టప్రాంతంలో ఇచ్చారు, ప్రత్తిపాడు అవతల. ఏడో తరగతి దాకానే బడి. చుట్టూ జీడిమామిడి తోటలు. పూత కాలంలో తరగతి గదంతా అదొక మత్తు వాసన.

ఆ ఉద్యోగంలో నాకు అన్నిటికన్నా గుర్తున్నది జూన్ నెల హాజరు పట్టీ. పేర్లు పిలుస్తూ పోతాం. "ప్రజెంట్ టీచర్", "ప్రజెంట్ టీచర్". ఒక పేరు దగ్గర ఎవరూ పలకరు. ఇంకోసారి పిలుస్తాం. వెనక బెంచీలోంచి ఎవరో గొణుగుతారు. "పెద్దమనిషైందండి టీచర్." మగపిల్లలు కిసుక్కున నవ్వుతారు. నేను ఆ గడిలో ఎర్ర ఇంకుతో ఒక గీత గీస్తాను. సెప్టెంబరు దాకా గీతలు గీసి, తరవాత ఆ పేరునే కొట్టేస్తాం. రిజిస్టరులో కారణం రాయడానికి ఒక గడి ఉండేది. అందులో అందరమూ "తల్లిదండ్రులు వలస" అని రాసేవాళ్ళం. వలస పోయింది పిల్లొక్కతే.

కొత్తలో ఉపన్యాసాలిచ్చాను. చిన్నవయసులో కాన్పు ప్రమాదమమ్మా, రక్తం ఉండదమ్మా, చట్టం ఒప్పుకోదమ్మా. ఒకామె జీడిగింజలు ఒలుస్తోంది. జీడి అంటి వేళ్ళన్నీ నల్లగా పొక్కిపోయి ఉన్నాయి. నేను చెప్పిందంతా విని, తలెత్తకుండా అంది.

"నాకు మాత్రం ఇష్టమేటండి టీచరుగారూ? హైస్కూలు ఐదు కిలోమీటర్లు, దారంతా తోటలే. ఏదన్నా అయితే ఆ పిల్లకి మొగుణ్ణెవరు తెత్తారు? పదో తరగతి చదివిత్తే డిగ్రీ చదివినోణ్ణి తేవాలి. ఆడికి కట్నం ఎవరిత్తారు? ఇప్పుడైతే పెద్దదానికీ దీనికీ ఒకే పందిట్లో అయిపోద్ది. ఒక వంట, ఒక బాజా."

నా దగ్గర జవాబు లేదు. ఆవిడ లెక్క తప్పు కాదు. పిల్ల వయసూ చదువూ పెరిగినకొద్దీ కట్నం పెరిగే చోట, ఆలస్యం చెయ్యమనడం అంటే అప్పు చెయ్యమనడమే. కట్నం మీద 1961 నుంచీ చట్టం ఉంది. ఆ ఊళ్ళో దాన్ని చూసినవాళ్ళు లేరు.

*

ఒక పెళ్ళి ఆపాను. దీని గురించి ఇంతవరకు ఎక్కడా చెప్పుకోలేదు.

2006 బాల్యవివాహాల నిషేధ చట్టం వచ్చాక, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేస్తే చాలని మాకు చెప్పారు. తొమ్మిదో తరగతి పిల్ల. ముందురోజు రాత్రి ఫోన్ చేశాను. తెల్లారేసరికి జీపొచ్చింది. పందిరి దగ్గర అధికారులు మాట్లాడారు, తండ్రి చేత కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు, ఫోటో తీసుకున్నారు. మర్నాడు పేపర్లో వేశారు. నాకు ఎంత గర్వమో!

పదిహేను రోజులకి వేరే జిల్లాలో, ఎవరూ లేకుండా, దండలు మార్పించి పంపేశారు. మొదటిసారి మేళం, మేనమామలూ అయినా ఉన్నారు. రెండోసారి అవీ లేవు. "పోలీసులొచ్చిన పెళ్ళికూతురు" అని అత్తగారింట్లో పేరు పెట్టారు. ఏడాది తరవాత సంతలో కనిపించింది, కడుపుతో. నన్ను చూసి దారి మార్చుకోలేదు, ఎదురొచ్చి నిలబడింది. "మీరు ఆపేసి ఎళ్ళిపోయారండి. తరవాత నాతో ఎవరున్నారండి?" అంది. ఆ పెళ్ళి రద్దు కావాలంటే ఆ పిల్లే కోర్టుకెళ్ళాలి, అదీ మేజరైన రెండేళ్ళలోపు. ఆ సంగతి చెబుదామని నోరు తెరిచి మూసుకున్నాను. చేతిలో ఉన్న అరటిపళ్ళ సంచీ ఇచ్చాను. తీసుకుంది.

ఫోన్ చెయ్యడం తప్పని అనను. మళ్ళీ అయితే మళ్ళీ చేస్తాను. కాకపోతే మర్నాడూ, ఆ మర్నాడూ కూడా వెళ్తాను.

*

ఇరవై ఏళ్ళు ఆడపిల్లల తల్లుల చుట్టూ తిరిగాను. అడగాల్సింది మగపిల్లల తల్లుల్ని అని నాకు చాలా ఆలస్యంగా తట్టింది. తట్టడం కూడా నా తెలివి కాదు. ఒక పేటలో, ఎప్పట్లాగే ఒక పిల్ల తల్లిని బతిమాలుతుంటే ఆవిడ విసుక్కుంది. "నన్నడుగుతారేటండి? మా వదినామెని అడగండి. ఆవిడ ఆగుతానంటే నేనాగనా?"

మా అత్త, మజ్జిగ గ్లాసు, "వేరే చూసుకోవాలి వదినా" అంతా ఒక్కసారి కళ్ళముందు తిరిగింది.

మర్నాడు ఆ వదినగారింటికి వెళ్ళాను. ఆవిడా మంచి మనిషే. నాకు పీట వేసింది. "చిన్నపిల్లయితే చెప్పిన మాట ఇంటదండి. పెద్దయ్యాక వచ్చే కోడళ్ళు మన దారికి రారు" అంది. ఈసారి చట్టం చెప్పలేదు, రక్తం సంగతీ చెప్పలేదు. మా అక్క సంగతి చెప్పాను. మంచం, చాప, జాకెట్టు తడవడం. ఉద్యోగంలో చేరాక నేను బయటివాళ్ళకి అది చెప్పడం అదే మొదలు. ఆవిడ విస్తరాకులు కుడుతోంది. చేతిలో పుల్ల అలాగే ఉండిపోయింది.

"నాకూ ఒకటి పోయిందండి. మొదటిది" అంది కాసేపటికి. "దానికి పేరు కూడా పెట్టలేదు."

ఆ సంబంధం ఆవిడ వదులుకోలేదు. మేనరికం మేనరికమే. కాకపోతే ఆడపడుచుతో అందరి ముందూ, అమ్మవారి జాతర్లో భోజనాల దగ్గర, "మా కోడలు ఇంటరయ్యాకే మా ఇంటికొస్తది. అప్పటిదాకా ఇంకెవరూ అడగడానికి లేదు" అనేసింది. ఎన్ని తరాలుగానో పిల్లల్ని తొందరగా లాక్కెళ్ళిన ఆ మేనరికమే, ఈ పిల్లకి నాలుగేళ్ళు కాపలా కాసింది. మాట పడిపోయింది కాబట్టి పిల్ల తల్లికి బెంగ లేదు. పేటలో ఎవరూ ఏమీ అనలేకపోయారు, అన్నది మగపిల్లాడి తల్లి కదా. మరుసటేడు ఇంకో రెండిళ్ళవాళ్ళు అలాగే మాట పెట్టుకున్నారు. వాళ్ళ చెవిలో నేనేమీ వెయ్యలేదు. ముందు ఒకరు ఆగి చూపిస్తే, వాళ్ళకేమీ కాకపోతే, పక్కవాళ్ళు ఆగుతారు. అందరూ ఆ ఒక్కరి కోసమే కాచుకుని కూర్చున్నారని నాకు అప్పటిదాకా తెలియలేదు.

కస్తూర్బా బాలికా విద్యాలయాలు వచ్చాక ఇంకొంత తేలికైంది. బడి మానేసిన పిల్లల్ని అక్కడే ఉంచుకుని చదివించే బడులు కాబట్టి, తోటల దారి గొడవ లేకుండా పోయింది. నా దృష్టిలో నా ఉపన్యాసాలన్నీ కలిపినా ఒక హాస్టలు ప్రహరీగోడకి సరిరావు.

అలాగని అందరూ మారిపోయారని కాదు. కరోనాలో బడులు మూతపడ్డప్పుడు నా కళ్ళముందే ముగ్గురు పిల్లలు వెళ్ళిపోయారు. పదిమందితో పెళ్ళి అయిపోతుంది, ఖర్చు లేదు, ఇంతకన్నా అదను ఏముంటుంది అనుకున్నారు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో, మన ఆంధ్రప్రదేశ్‌లో ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ళ ఆడవాళ్ళలో నూటికి 29 మందికి పద్దెనిమిది లోపే పెళ్ళయిందని రాశారు. తెలంగాణలో 23 పైన. పడవలో నిద్రపోయే పెళ్ళికూతుళ్ళు ఇప్పుడు లేరు. పదహారూ, పదిహేడూ. ఆధార్ కార్డులో ఎన్నున్నా "పద్దెనిమిది నడుస్తోందండి" అంటారు.

*

ఆ రోజు రాత్రి అక్కతో పోట్లాడాను.

ఫ్లెక్సీ ఎందుకే, హాలు ఎందుకే, వెయ్యిమందికి భోజనాలు పెట్టి మా ఇంట్లో పిల్ల తయారైందని చాటింపెయ్యడం ఎందుకే అన్నాను. నీకు జరిగింది నువ్వే మర్చిపోయావా అని కూడా అన్నాను. అనకుండా ఉండాల్సింది.

అక్క కంచాలు తోముతోంది. "ఊరందరి ఫంక్షన్లకీ వెళ్ళి చదివింపులు చదివించానే. అవి తిరిగి రావద్దూ?" అంది ముందు. కాసేపాగి, "నాకు పట్టు ఓణీ కట్టలేదే. కట్టింది గళ్ళ దుప్పటి. దీనికైనా కట్టుకోనీ" అంది. ఇంకా కాసేపటికి, నీళ్ళు కట్టేసి, "పెళ్ళి మాటెత్తితే మీ అన్నయ్యగారిక్కూడా చెప్పాను, నా శవం మీంచే అని" అంది. అన్నయ్యగారంటే మా బావే. నా దగ్గర ఆయన్ని ఎప్పుడూ అలానే అంటుంది, వెక్కిరింపుగా.

నేను ఊరుకున్నాను. ఇరవై తొమ్మిది మంది లెక్కలో దాన్ని ఎటు వెయ్యాలో నాకు తెలియలేదు.

పడుకునే ముందు బుజ్జి గదిలోకి తొంగి చూశాం. తాటాకు చాప ఉంది, దాని మీద ఫోము పరుపు కూడా ఉంది. బోర్లా పడుకుని లెక్కల పుస్తకం ముందేసుకుంది. సోమవారం యూనిట్ టెస్టట. ఎడంచేత్తో చిమ్మిలి ఉండ కొరుకుతూ కుడిచేత్తో పెన్ను తిప్పుతోంది. నేను అక్క మొహంలోకి చూశాను. చాప మీద పుస్తకం. ఏమంటుందో అని.

అక్క వంగి పళ్ళెం అవతలికి జరిపింది. "ఆ నూనె చేతుల్తో పేజీలు తిప్పకే. మరకలైతే పోవు" అంది.